తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(మేడ్చల్‌లో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి తరగతుల్లో కూలి రేట్ల మీద, భూమి హక్కు మీద, గృహహింస చట్టం మీద మాట్లాడమని నన్ను చాలాసార్లు పిలిచారు. సాఫ్ట్‌వేర్ మీద మాట్లాడమనడం ఇదే మొదటిసారి. నేను కంప్యూటర్ మనిషిని కాను. టైపు చెయ్యడం కూడా నలభై దాటాక, ఒక్కో వేలితో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకున్నాను. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయం తెలియకపోవడం వల్ల నేను ఒక స్త్రీకి నష్టం చేశాను. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మిగతా మాటలకు వస్తాను.

1990ల చివర్లో మేము మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసేవాళ్లం. మా దగ్గరికి వచ్చిన స్త్రీలు చెప్పినదంతా నోటు పుస్తకాల్లో రాసుకునేవాళ్లం. కొన్నాళ్లకు ఒక శ్రేయోభిలాషి కంప్యూటరు ఇప్పించారు. తెలుగు టైపు చెయ్యడానికి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాం. దానితోపాటు వేలెడంత లాక్ ఒకటి ఇచ్చారు. దాన్ని కంప్యూటరు వెనక గుచ్చితేనే తెలుగు అక్షరాలు వచ్చేవి, తీస్తే వచ్చేవి కావు. మాకదేమీ తప్పుగా తోచలేదు. రాత్రుళ్లు వంతులు వేసుకుని నోటు పుస్తకాలన్నీ టైపు చేశాం. ఆఫీసు మారేటప్పుడు చెదలు పట్టిన పుస్తకాలను, అంతా కంప్యూటర్లో ఉంది కదా అని, పాత పేపర్లవాడికి వేసేశాం.

2001లో శామీర్‌పేట దగ్గరి ఒక ఊరి అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. పెళ్లయి రెండేళ్లు. అత్తింటివాళ్లు కొట్టి పంపారు. పుట్టింటివాళ్లు పెట్టిన వస్తువులు ఒక్కొక్కటీ చెప్పి రాయించింది. రెండు తులాల గొలుసు, పట్టగొలుసులు, బీరువా, కుట్టుమిషను, ఇత్తడి బిందెలు. ఏది ఏ రోజు ఇచ్చారో, ఎవరి చేతికి ఇచ్చారో, అప్పుడు పక్కన ఎవరున్నారో కూడా చెప్పింది. ఆమెకు చదువు రాదు. "రాసి పెట్టక్కా. నేను మర్చిపోయినా నీ కాయిదం మర్చిపోదు" అంది. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసి కాపురానికి పంపారు.

2009లో ఇద్దరు పిల్లలతో మళ్లీ వచ్చింది. అప్పటికి గృహహింస చట్టం అమల్లోకి వచ్చి మూడేళ్లు కావస్తోంది. స్త్రీధనం తిరిగి ఇప్పించమని ఆ చట్టం కింద మేజిస్ట్రేటును అడగవచ్చు. వకీలమ్మ వస్తువుల జాబితా అడిగింది. ఫైలు తెరిచాను. తెర మీద గీతలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. పాత కంప్యూటరు ఎప్పుడో పాడైంది. లాక్ పనిచెయ్యడం లేదు. అమ్మినవాళ్లను అడిగితే, ఆ వెర్షను ఇప్పుడు లేదు, కొత్తది కొనుక్కోండి, పాత ఫైళ్లకు మాది పూచీ కాదన్నారు.

ఆమె నా పక్కనే కూర్చుని తెర వంక చూస్తోంది. "నేను చెప్పిందంతా ఏడ పోయిందక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎనిమిదేళ్ల కిందటి సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పించాం. తేదీలు కలవలేదు. గొలుసు ఎవరి చేతికి ఇచ్చారో ఈసారి రూఢిగా చెప్పలేకపోయింది. అవతలి వకీలు దాన్నే పట్టుకున్నాడు. చివరికి బీరువా, కుట్టుమిషను వచ్చాయి. గొలుసు రాలేదు.

మాటలు ఆమెవి. టైపు చేసిన చేతులు మావి. డబ్బు పెట్టి కొన్నదీ మేమే. తాళంచెవి మాత్రం ఎవరో మూడో మనిషి దగ్గర ఉంది. ఆ మనిషి దుకాణం మూసుకుని పోతే మా మాటలు మాకు అందవు. ఇది నా అజాగ్రత్తే అని చాలాకాలం అనుకున్నాను. నోటు పుస్తకాలు పారెయ్యడం నా తప్పే. కానీ దాని వెనక ఇంకో విషయం ఉందని తర్వాత తెలిసింది.

సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో ముగ్గుతో పోల్చి చెబుతాను. సంక్రాంతికి వాకిట్లో పెద్ద ముగ్గు చూస్తాం. చూసి మెచ్చుకోవచ్చు. కానీ వెయ్యాలంటే చుక్కల లెక్క తెలియాలి. "15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేదాకా" అని ఎవరైనా చెబితే, ఎక్కడ మొదలుపెట్టి ఎటు కలపాలో చూపిస్తే, మనమూ వెయ్యగలం. వాకిలి చిన్నదైతే చుక్కలు తగ్గించుకుంటాం. పువ్వు బదులు చిలకను పెడతాం. సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాంటి చుక్కల లెక్క ఉంటుంది. మనుషులు చదివి అర్థం చేసుకోగల రూపంలో ప్రోగ్రామర్లు రాసిన ఆదేశాలవి. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. మనకు అమ్మే సాఫ్ట్‌వేర్లలో ఎక్కువవాటికి ఆ లెక్క ఇవ్వరు. ముగ్గు కనబడుతుంది, చుక్కలు చెరిపేసి ఉంటాయి. చూసి నేర్చుకోకూడదు, మార్చుకోకూడదు, పక్కింటికి ఇవ్వకూడదు అని షరతులు రాసి ఉంటాయి. మనం చదవకుండానే "ఒప్పుకుంటున్నాను" అన్న బొత్తాం నొక్కేస్తాం.

మొదట్నించీ ఇలా లేదు. 1970లలో అమెరికా విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో ప్రోగ్రామర్లు కోడ్‌ను ఒకరికొకరు మామూలుగానే ఇచ్చుకునేవాళ్లు. ఎంఐటీలో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు, తమ ల్యాబ్‌లోని కొత్త ప్రింటరు మొరాయిస్తుంటే బాగుచెయ్యడానికి దాని కోడ్ అడిగాడు. ఉన్న మనిషి, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి సంతకం పెట్టానని చెప్పి ఇవ్వలేదు. పక్కవాడికి సాయం చెయ్యనని ముందే సంతకం పెట్టించుకునే పద్ధతి ఆయనకు అన్యాయంగా తోచింది. 1983 సెప్టెంబరులో గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. 1991లో ఫిన్లండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ దానికి తోడైంది. ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో చాలా భాగం నడిచేది దాని మీదే. మీ చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా అడుగున ఉన్నది లినక్సే.

ఈ ఉద్యమం అడిగేవి నాలుగు స్వేచ్ఛలు. ఏ పనికైనా ప్రోగ్రామును వాడుకునే స్వేచ్ఛ. అది ఎలా పనిచేస్తుందో చూసి, అవసరమైనట్టు మార్చుకునే స్వేచ్ఛ. కాపీ తీసి ఇతరులకు ఇచ్చే స్వేచ్ఛ. మార్చి బాగుచేసినదాన్ని కూడా పంచిపెట్టే స్వేచ్ఛ. వీటిని కాపాడటానికి 1989లో జీపీఎల్ అనే లైసెన్సు రాశారు. నేను తెరిచి ఇచ్చినదాన్ని నువ్వు తీసుకుని మార్చి ఇంకొకరికి ఇస్తున్నావంటే, వాళ్లకూ చుక్కల లెక్క ఇవ్వాలి, తలుపు మూసెయ్యకూడదు అన్నదే అందులోని ముఖ్యమైన షరతు.

ఇంగ్లీషులో ఫ్రీ అన్న మాటకు రెండు అర్థాలుండటం వల్ల వాళ్లు నలభై ఏళ్లుగా వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. తెలుగులో మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్లు తమ సంస్థకు "స్వేచ్ఛ" అనే పేరు పెట్టుకున్నారు.

ఈ తేడా ఆడవాళ్లకు ఇంకా ముఖ్యం. ఉచితంగా చెయ్యడం మనకెవరూ నేర్పనక్కరలేదు. వంట ఉచితం, పిల్లల పెంపకం ఉచితం, ముసలివాళ్ల సేవ ఉచితం. సంఘం మీటింగుకు చాపలు పరిచేదీ మనమే. పంచుకోవడం గొప్ప విలువ అని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే, మళ్లీ మన శ్రమకేనా ఎసరు అని అనుమానించాల్సిందే. అందుకని చెబుతున్నాను, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకు అమ్మవచ్చు. నేర్పినందుకు, బాగుచేసినందుకు జీతం తీసుకోవచ్చు. అమ్మాక కూడా కొన్నవాళ్ల మీద పెత్తనం ఉంచుకోవడం కుదరదు, అంతే.

మరి మనందరి ఆఫీసుల్లో ఉన్నవి కాపీలే కదా, డబ్బు కట్టిందెవరు అంటారు. నిజమే. కాని కాపీరైటు చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రాము వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు. అధికారులకు, పలుకుబడి ఉన్నవాళ్లకు ఎదురు నిలిచే మహిళా సంఘాలు ఆ కత్తిని నెత్తి మీద వేలాడదీసుకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

ఇదంతా పట్నపు సంగతి, మా ఊళ్లకేం సంబంధం అనిపించవచ్చు. మేడ్చల్ రోడ్డు మీద కొంపల్లి నుంచి ఇక్కడిదాకా విత్తన కంపెనీల బోర్డులు చూస్తూనే వచ్చారు. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ ఉంది. విత్తనానికీ సాఫ్ట్‌వేర్‌కీ దగ్గరి చుట్టరికం ఉంది. మా అమ్మ పంటలో మంచి కంకులు ఏరి, బూడిద కలిపి, కుండలో దాచేది. చెల్లెలు అడిగితే రెండు దోసిళ్లు ఇచ్చేది. వాడుకోవడం, చూసి నేర్చుకోవడం, ఎంచి మెరుగుపరచడం, పంచుకోవడం. నాలుగు స్వేచ్ఛలూ ఆ కుండలో ఉన్నాయి. హైబ్రిడ్ విత్తనం వచ్చాక, దాచుకుని మళ్లీ వేస్తే అదే పంట రాదు కాబట్టి ప్రతి ఏడూ కొనాల్సి వచ్చింది. బీటీ పత్తి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్టులో టెక్నాలజీ ఫీజు కూడా కలిసింది. దాని మీద 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కంపెనీతో పోరాడితే గాని ధర దిగలేదు.

విత్తనం విషయంలో మనవాళ్లు ఊరుకోలేదు. 2001లో చేసిన మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. విత్తనాన్ని దాచుకునే, మళ్లీ విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు అది రైతుకు ఇస్తుంది. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు ఊరూరా విత్తన బ్యాంకులు నడిపారు. 2008 అక్టోబరులో సంఘం రేడియో పెట్టుకుని తమ మాటను తామే వినిపించారు. విత్తనం మీద, మాట మీద పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నను వాళ్లు విడదీసి చూడలేదు. మనం కూడా విడదీయనక్కరలేదు.

2004 డిసెంబరులో కేంద్రం తెచ్చిన పేటెంట్ల ఆర్డినెన్సు మీకు గుర్తుండే ఉంటుంది. మందుల ధరలు పెరుగుతాయని, హెచ్‌ఐవీ మందులు బీదవాళ్లకు అందవని మనం ధర్నాలు చేశాం. అదే ఆర్డినెన్సులో కొన్ని రకాల సాఫ్ట్‌వేర్‌కి పేటెంటు ఇచ్చే వెసులుబాటు కూడా పెట్టారు. 2005లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు దాన్ని తీసేశారు. మనకు తెలియకుండానే మనం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒకే చట్టం మీద పోరాడుతున్నామన్నమాట.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతికి వస్తాను. ఆ రోజుల్లో ప్రతి కంపెనీ తన ఫాంటులో తెలుగు అక్షరాలను తనకిష్టమైన చోట పెట్టుకుంది. ఒకరి దగ్గర "క" ఉన్నచోట ఇంకొకరి దగ్గర "ళ" ఉండేది. అందువల్ల ఒకరి ఫాంటులో రాసింది ఇంకొకరి ఫాంటులో చదవడానికి వీలులేదు. మా ఫైలుకు జరిగింది అదే. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ అందరూ ఒప్పుకున్న ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి 1991లో వచ్చింది. తెలుగుకు అందులో మొదటి నుంచీ చోటుంది. అయితే సంఖ్య ఇస్తే సరిపోదు, అక్షరాల రూపాలు కావాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంటులు తయారుచేసి జీపీఎల్ కింద అందరికీ వదిలారు. వెన్న నాగార్జున పద్మ అనే ప్రోగ్రాము రాశారు. పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంటుల్లో పెట్టిన తెలుగును అది యూనికోడ్‌లోకి మారుస్తుంది. దాని కోడ్ కూడా తెరిచే ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇవన్నీ ఏ ప్రభుత్వమో ఆదేశిస్తే జరిగినవి కావు.

మా ఫైళ్లు బయటపడింది కూడా ఇటువంటి పనివల్లే. 2014లో ఈ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే కొందరు పిల్లలు ఒక మీటింగులో కలిశారు. వాళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం నడుపుతున్నారు. నా గోడు విని ఒకమ్మాయి, "ఆంటీ, ఆ ఫాంటుతో అచ్చేసిన కాగితం ఒక్కటైనా ఉందా?" అని అడిగింది. మేము వేసిన పాత కరపత్రాలు దొరికాయి. కరపత్రం ఫైలునూ, అచ్చయిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏ గీత ఏ అక్షరమో పట్టిక కట్టారు. ఫాంటులు మార్చే ఒక ప్రోగ్రాము కోడ్ తెరిచి ఉండటంవల్ల అందులో మా పట్టికను చేర్చగలిగారు. మూసిన ప్రోగ్రాము అయితే కంపెనీవాడి కాళ్లు పట్టుకోవాల్సి వచ్చేది. రెండు నెలలు పట్టింది. వత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి. మేము కూర్చుని దిద్దుకున్నాం.

ఆ అమ్మాయి జాబితా దొరికింది. గొలుసు ఆడపడుచు చేతికి ఇచ్చారు, మేనమామ పక్కనే ఉన్నాడు. తేదీ కూడా ఉంది. కేసు అప్పటికే ముగిసిపోయింది. ఊరికి వెళ్లి చదివి వినిపించాను. చివరిదాకా విని, "ఇదే అక్కా, నేను చెప్పింది ఇదే" అంది. ఆ కాగితం తనకు కావాలని అడిగి తీసుకుని బీరువాలో పెట్టుకుంది. గొలుసు మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

ఇది ఒక చిన్న సంస్థలో, ఒక ఫైలుకు జరిగింది. ప్రభుత్వాలే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నప్పుడు ఏమవుతుందో చూడండి. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డుల రద్దు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటికి వచ్చి విచారించకుండా, కేవలం కంప్యూటరు లెక్క ఆధారంగా కొన్ని రద్దయి ఉండవచ్చని గమనించి, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఇంట్లో బియ్యం నిండుకుంటే ఆ లోటు ముందుగా తెలిసేది ఎవరికో మీకు చెప్పనక్కరలేదు. డీలరు దగ్గరికి వెళ్తే, "నాదేముందమ్మా, కంప్యూటర్ల లేదు" అంటాడు. ఆఫీసుకు వెళ్తే అదే మాట. పూర్వం అన్యాయం చేసిన అధికారికి ఒక పేరు ఉండేది, ఘెరావ్ చేసేవాళ్లం. కంప్యూటరును ఘెరావ్ చెయ్యడం ఎట్లా?

ఇంకో ఉదాహరణ ఇక్కడిదే. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది శామీర్‌పేట పక్కనే ఉన్న మూడుచింతలపల్లిలో. పాత పహాణీలో పట్టాదారు కాలమ్‌తోపాటు అనుభవదారు కాలమ్ ఉండేది. కొత్త పాసుపుస్తకాల్లో, ధరణిలో అది పోయింది. పట్టా మగవాడి పేరున ఉండి, చేను దున్ని కలుపు తీసేది ఆడది అయినచోట, కౌలుకు తీసుకుని ఒంటరి స్త్రీ సాగు చేసినచోట, ఆమె ఉందని చెప్పే గడి కూడా లేకుండా పోయింది. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారుకే వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత మాత్రాన, కాలమ్‌లు ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న తీరదు.

ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ధరణి కోడ్ అందరికీ తెరిచి ఉన్నంత మాత్రాన కౌలుదారు స్త్రీకి గడి వచ్చి ఉండేది కాదు. అది రాజకీయ నిర్ణయం. రేషన్ కార్డు ఇవ్వాలా వద్దా అన్నదీ అంతే. కానీ లెక్క బయట ఉంటే, ఏ నియమం వల్ల తన పేరు పోయిందో ఆమె తరఫున ఎవరో ఒకరు చదివి చెప్పగలరు. తప్పు దొరికితే వేలు పెట్టి చూపగలరు. సమాచార హక్కు చట్టం 4(1)(డి) సెక్షన్ ప్రకారం, నిర్ణయానికి కారణాలు దానివల్ల ప్రభావితులైనవాళ్లకు చెప్పడం అధికార యంత్రాంగం బాధ్యత. "కంప్యూటర్ల లేదు" అన్నది కారణం కాదు. ప్రజల డబ్బుతో చేయించి, ప్రజల తిండినీ భూమినీ తేల్చే ప్రోగ్రాము ఎట్లా తేలుస్తుందో ప్రజలకు తెలియాలి.

ప్రభుత్వాలు తలుచుకుంటే చెయ్యగలవని చూపడానికి కేరళ ఉంది. అక్కడి సర్కారు బడుల్లో కంప్యూటరు చదువు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే సాగుతోంది. అందుకోసం వేలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో కేంద్ర ప్రభుత్వం కూడా విధానం ప్రకటించింది. అది ఎక్కడ అమలవుతోంది, ఎక్కడ కావడం లేదు అని అడిగేవాళ్లుంటేనే ఆ కాగితానికి విలువ.

ఈ ఉద్యమాన్ని ఆకాశానికెత్తడానికి నేను రాలేదు. ఇందులో కూడా పితృస్వామ్యం బాగానే పాతుకుని ఉంది. గిట్‌హబ్ అనే సంస్థ 2017లో చేసిన సర్వేలో, ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తున్నామని జవాబు చెప్పినవాళ్లలో స్త్రీలు 3 శాతమే. స్టాల్‌మన్ విషయమే చూడండి. ఎప్‌స్టీన్ లైంగిక నేరాల వ్యవహారంలో బాధితురాలి గురించి ఆయన రాసిన మాటల మీద పెద్ద నిరసన వచ్చి, 2019 సెప్టెంబరులో ఎంఐటీ నుంచి, ఫౌండేషన్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నాడు. 2021లో ఫౌండేషన్ బోర్డులోకి తిరిగి వచ్చినప్పుడు చాలామంది వ్యతిరేకించారు. స్వేచ్ఛ గురించి అంత బాగా రాసిన మనిషికి ఆడపిల్లల స్వేచ్ఛ సరిగ్గా అర్థం కాకపోవడం మనకు కొత్తేమీ కాదు. రైతు ఉద్యమాల్లో, కార్మిక ఉద్యమాల్లో ఇది చూశాం. ఆ ఉద్యమాలను వదిలి రాలేదు, లోపల ఉండి పోట్లాడాం. ఇక్కడా అదే చెయ్యాలి.

చివరిగా, రేపటి నుంచి మనం చెయ్యగలిగిన పనులు చెబుతాను. మొదటిది, స్త్రీలు మనకు చెప్పిన ఏ మాటనైనా యూనికోడ్‌లోనే టైపు చెయ్యండి. లిబ్రె ఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడి, ఓడీటీ అనే బహిరంగ పద్ధతిలో దాచండి. రెండోది, పాత ఫాంటుల్లో ఉన్న ఫైళ్లను ఇప్పుడే తీసి మార్పించండి. ఆ ఫాంటుతో అచ్చయిన కాగితాలు పారెయ్యకండి. మూడోది, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా సరే, చెప్పిన స్త్రీకి ఒక కాగితం ప్రతి ఇవ్వండి. ఇంట్లో దాచుకోవడం ప్రమాదమైతే ఎవరి దగ్గర ఉంచాలో ఆమెనే అడగండి. నాలుగోది, కార్డో పింఛనో కంప్యూటరు పేరుతో ఆగిపోతే, ఏ నియమం ప్రకారం ఆగిందో రాతపూర్వకంగా అడగండి. ఐదోది, మన ఆడపిల్లలు ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్తున్నారు. ఉద్యోగం కోసం ఎలాగూ చదువుతారు. ఈ నాలుగు స్వేచ్ఛల సంగతి కూడా వాళ్ల చెవిన వెయ్యండి.

తెరిచి ఉంచడమంటే అన్నీ అందరికీ చూపించడమని మాత్రం పొరబడకండి. ప్రోగ్రాము కోడ్ తెరిచి ఉండాలి. దానిలో ఉన్న ఆమె కథ మూసి ఉండాలి. ఎవరికి చూపాలో, ఎప్పుడు చూపాలో చెప్పాల్సింది ఆమె.

నేను ఆ అమ్మాయికి ఇవ్వలేకపోయిన జవాబు ఇంతే. ఆమె చెప్పింది ఎక్కడికీ పోలేదు. తాళం వేసి ఉంది, తాళంచెవిని మేము మరొకరి చేతికిచ్చాం. ఇకముందు ఏ స్త్రీ అయినా మీ ఎదుట కూర్చుని "రాసి పెట్టక్కా" అన్నప్పుడు, కలం తీసే ముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తుతెచ్చుకోమని కోరుతూ సెలవు తీసుకుంటాను.